సారు తెచ్చిన స్పీకరు

దుమ్ము లాగే మోటారు పాడైందని చెప్పి చెప్పి విసిగిపోయి, ఇక చెప్పడం కూడా మానేసిన రోజుల్లో, ఒక ఉదయం సారు పెద్ద అట్టపెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. పెద్దక్క దాన్ని చూసి మోటారే అనుకుంది. చేతిలోని మైనం కత్తి పక్కన పెట్టి, బల్ల మీద కాస్త చోటు కూడా చేసింది.

మోటారు కాదు. స్పీకరు.

అది కట్టుడు పళ్ళు తయారుచేసే చోటు. ఊళ్ళో దంతవైద్యులు తీసిన నోటి అచ్చులు ఇక్కడికి వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి దవడలు తీసేది మామ. ఆ దవడల మీద మైనంతో చిగుళ్ళు కట్టి పళ్ళు ఒక్కొక్కటే అమర్చేది పెద్దక్క. మైనం కరిగించేసి ఆ చోట గులాబీ రంగు ముద్ద నింపి ఉడికించాక, తిరిగే చక్రానికి ఆనించి అరగదీసి నున్నగా మెరుగు పెట్టేది పిచ్చుక. ఆమె అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. పొట్టిగా, సన్నగా ఉండి పొద్దస్తమానం కిచకిచలాడుతుందని మామే ఆ పేరు పెట్టాడు. సారుకి పెట్టిన పేరు కూడా మామదే: తేనెసీసా. సారు ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. సెలవు ఇవ్వనని చెప్పినా, జీతం కోసినా, నోట్లో పిప్పరమెంటు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకుంటూ, అమ్మా తల్లీ అంటూనే చెప్తాడు.

పెట్టె విప్పి, నల్లటి గుడ్డ చుట్టిన గుండ్రటి డబ్బాని పై అరలో, అచ్చుల వరసకి పక్కన, సారు స్వయంగా పెట్టాడు. ఇది మామూలు రకం కాదని, ఆ కంపెనీ చేసేవాటిల్లో అన్నిటికంటే పైదని, పిలిస్తే పలుకుతుందని, గదిలో ఏ మూల నుంచి గుసగుసలాడినా పట్టుకుంటుందని చెప్పాడు. ధర కూడా చెప్పాడు. మామ కలుపుతున్న ప్లాస్టర్ గిన్నెలో గరిటె ఆగిపోయింది.

“అంత ధరకి పళ్ళు కూడా ఇదే కడుతుందేమో సార్” అన్నాడు మామ.

సారు హాయిగా నవ్వాడు. ఇంట్లో పెట్టుకుందామనే కొన్నాడట. రోజంతా ఈ చక్రం గోలలో మగ్గిపోయే మనుషులు గుర్తొచ్చి మనసొప్పక ఇక్కడికి తెచ్చాడట. పిచ్చుక ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, మోటారు సంగతి ఏమైందని నెమ్మదిగా అడిగింది. చూద్దాం తల్లీ, అన్నీ ఒకేసారి అంటే నేను మాత్రం ఏమైపోవాలి అన్నాడు సారు. అదే తేనె గొంతు. ఆ డబ్బా ఖరీదులో సగం పెడితే కొత్త మోటారే వస్తుందని ఆ గదిలో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు.

పాటలు మాత్రం బాగున్నాయి. ఆ మాట పెద్దక్క కూడా ఒప్పుకోక తప్పలేదు. చక్రం రొదని దాటుకుని కూడా గొంతు తేటగా వచ్చేది. పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేది. పిచ్చుక దాన్ని పిలిచి వాన వస్తుందా, టైమెంత అని అడిగి, అది చెప్తే మురిసిపోయేది. మామ ఒకసారి, ఏమే పిల్లా, మా ఆవిడ ఇవాళ ఏ మూడ్‌లో ఉంది అని అడిగాడు. క్షమించండి, నాకు అర్థం కాలేదు అంది. నాకూ అర్థం కాదులే అని మామ దానికి ధైర్యం చెప్పాడు. అప్పుడప్పుడు ఎవరూ పిలవకుండానే దాని నెత్తి మీద ఆకుపచ్చ లైటు గుండ్రంగా వెలిగి, చాలాసేపు అలా ఉండిపోయేది. కొత్తది కదా, గదంతా చూసుకుంటోంది అన్నాడు మామ.

ఆ లైటు వెలిగి ఉండగానే, ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర, పిచ్చుక తన సంగతి పెద్దక్కకి చెప్పింది. మామ ఇల్లు వెనక సందులోనే. తిండికి ఇంటికి పోతాడు. ఆడవాళ్ళిద్దరూ బల్ల మీద కాగితం పరుచుకుని డబ్బాలు విప్పారు. పిచ్చుక తినకముందు జేబురుమాలులో దగ్గి, దాన్ని విప్పి చూపించింది. గులాబీ రంగు.

“భయపడకు అక్కా, రక్తం కాదు. చిగుళ్ళ దుమ్ము” అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఊపిరితిత్తుల ఫోటో తీయించుకోమందట. ఎన్నేళ్ళుగా, ఎలాంటి దుమ్ములో పనిచేస్తోందో యజమాని చేత రాయించుకుని తెమ్మందట. ఆ కాగితం ఉంటే వైద్యం ఉచితంగా జరుగుతుందట. సారుని ఎలా అడగాలో తెలియక నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదు. ఎవరికీ చెప్పొద్దు అక్కా, మంచి సమయం చూసుకుని నేనే అడుగుతాను అంది. పెద్దక్క సరేనంది. తన డబ్బాలోంచి ఇంత కూర తీసి ఆమెకి పెట్టింది.

మరుసటి రోజు పొద్దున్నే సారు పిచ్చుకని పైకి పిలిపించాడు. ఆమె దిగి వచ్చేసరికి మొహంలో నెత్తుటి చుక్క లేదు. చక్రం దగ్గరికి వెళ్ళి, కొక్కేనికి తగిలించిన సంచి తీసుకుంది. ముక్కుగుడ్డ మడిచి అందులో పెట్టుకుంది. ఏమైందని మామ అడిగితే, ఒంట్లో బాగయ్యేదాకా ఇంటి దగ్గర ఉండమన్నారని చెప్పింది. ఆరోగ్యం కంటే ఏదీ ఎక్కువ కాదన్నారట. కాగితం సంగతి అడిగితే, నువ్వు ఇక్కడ పనిచేసింది ప్యాకింగులో కదా తల్లీ, దుమ్ము అని ఎలా రాయను అన్నారట.

పెద్దక్క లేచి దగ్గరికి వెళ్ళబోయింది. పిచ్చుక వెనక్కి జరిగింది.

“నీకు చెప్పుకున్నాను చూడక్కా, నాదే తప్పు” అంది. ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయింది.

పెద్దక్కకి ఆ పూట చేయి ఆడలేదు. పై వరసలో ముందు పన్ను ఒకటి వంకరగా కూర్చుంది. మైనం వేడిచేసి తీసి మళ్ళీ పెడితే ఇంకో పక్కకి ఒరిగింది. నేను ఎవరికీ చెప్పలేదు మామా అని ఒకటికి రెండుసార్లు అంది. మామ తల ఊపాడు గానీ ఆ ఊపడంలో నమ్మకం లేదు. ఆ గదిలో విన్నది ఆమె ఒక్కతే మరి.

మెరుగు పని కూడా పెద్దక్క మీదే పడింది. పిచ్చుక ముక్కాలిపీట ఎక్కి కూర్చుని చక్రం తిప్పితే, మొదటి నిమిషంలోనే కళ్ళ ముందు గులాబీ పొగ లేచింది. ముక్కుగుడ్డ లోపలికీ వచ్చేసింది. నాలుక మీద తియ్యగా, చేదుగా, మందుల షాపు వాసన. అందరి నోళ్ళలోకీ వెళ్ళాల్సిన చిగుళ్ళు ముందు తన నోట్లోకి పొడిగా దిగుతున్నాయి. సాయంత్రం మొహం కడుక్కుంటే సింకులో నీళ్ళు పాలలో కుంకుమ కలిపినట్టు పారాయి. ఇన్నాళ్ళూ తను రెండు బల్లల అవతల కూర్చుని, గుడ్డ సరిగ్గా కట్టుకోవే అని పిచ్చుకకి సలహాలు చెప్పింది. అది తలుచుకుని, మొహం ఇంకోసారి కడుక్కుంది.

మర్నాడు ఒక వైద్యుడు తొందరపెడుతున్న పళ్ళ సెట్టు పూర్తయితే, చూపించడానికి ట్రేలో పెట్టుకుని పైకి వెళ్ళింది. సారు గదికి అద్దాల తలుపు. లోపల చల్లగా, నిమ్మ వాసన. సారు లేడు. పక్కన బాత్‌రూములో నీళ్ళ చప్పుడు. బల్ల మీద ఆయన ఫోను, దాని పక్కన పిప్పరమెంట్ల గాజుగిన్నె.

ఫోను లోంచి మామ దగ్గాడు.

మామ గొంతు సవరించుకుని ఏదో పాత పాట కూనిరాగం తీశాడు. గిన్నెలో గరిటె గీరిన చప్పుడు. ప్లాస్టర్ లోని బుడగలు పోవడానికి అచ్చుని బల్లకేసి టకటకా కొట్టిన చప్పుడు. పెద్దక్కకి మొదట మామ ఈ గదిలోనే ఉన్నాడనిపించి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఫోను తెర మీద కింద గది పేరు, దాని చుట్టూ ఆకుపచ్చ వలయం. మామ తనలో తనే, ఈ నడుము నొప్పి నన్ను తినేస్తోంది నాయనో అనుకున్నాడు. ఆ మాట ఎంత తేటగా వచ్చిందంటే, ఆయన ఊపిరి కూడా వినపడింది.

పెద్దక్కకి ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. ఎన్ని మాటలు ఇలా ఈ బల్ల మీద పడి ఉంటాయి. తన నెలసరి నొప్పి, మామ గ్యాసు బాధ, పిచ్చుకా ఆమె మొగుడూ మాట్లాడుకోవడం మానేసిన సంగతి. అన్నీ ఈ మనిషి చల్లటి గదిలో కూర్చుని, బుగ్గన పిప్పరమెంటు పెట్టుకుని చప్పరించాడు. నీళ్ళ చప్పుడు ఆగింది. ఆమె ట్రే బల్ల మీద పెట్టి, అడుగుల చప్పుడు లేకుండా దిగి వచ్చేసింది.

ఆ సాయంత్రం పిచ్చుక ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన పిచ్చుక లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. గుమ్మంలో నిలబడే పెద్దక్క తను చూసిందంతా చెప్పింది. పిచ్చుక తల వంచుకుని వింది. మధ్యలో దగ్గొచ్చి తలుపు పట్టుకుంది.

“నేను ఊరికే అనుమానపడలేదు అక్కా” అంది చివరికి. “ఎవరు చెప్పారు సార్ అని నేనే అడిగాను. పెద్దక్క చెప్పింది, నీ మంచి కోరే చెప్పింది, ఆమె మీద కోపం పెట్టుకోకు అన్నాడు.”

పెద్దక్క ఆ మాటలు లోలోపల మళ్ళీ అనుకుంది. దొంగచాటుగా విన్నాడంటే సరే, ఆ నీచం ఒక రకం. విన్నదాన్ని తెచ్చి తన నోట్లో పెట్టాడు. పదకొండేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ నోళ్ళలో పళ్ళు పెట్టిన తన నోట్లో, తను అనని మాట పెట్టి మూసేశాడు. ఆమెకి అక్కడే ఉమ్మేయాలనిపించింది. పిచ్చుక ఆమె చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, మంచం మీద బట్టలు పక్కకి నెట్టి కూర్చోబెట్టింది.

మామకి చెప్పడానికి ఆయన్ని సందు చివరిదాకా తీసుకెళ్ళాల్సి వచ్చింది. మామ విన్నాడు. మొహం వాడిపోయింది. ఈ వయసులో నాకెక్కడ పని దొరుకుతుందమ్మా, మనకెందుకు, ఇకనుంచి నోరు కట్టుకుంటే పోలా అన్నాడు. మర్నాడు ప్లాస్టర్ కలుపుతూ, అర వైపు మొహం పెట్టి, మన సారు లాంటి మనిషి దొరకడం అదృష్టం, వేరే చోట ఇలా పాటలు పెడతారా అని గట్టిగా అన్నాడు. పెద్దక్క తలెత్తి చూసింది. మామ ఆమె చూపు తప్పించి, ఇంకో రెండు మంచి మాటలు కూడా వేశాడు. దుమ్ములో పిచ్చుక దగ్గు విన్నప్పటికంటే, ముసలాయన ఒక డబ్బాకి దణ్ణం పెట్టడం చూసినప్పుడే ఆమెకి ఎక్కువ రోత పుట్టింది. కానీ ఆయన్ని ఏమనగలదు.

మధ్యాహ్నం మామ తిండికి వెళ్ళాడు. పెద్దక్క అన్నం డబ్బా విప్పకుండా మైనం దీపం ముందు కూర్చుని ఎదురుచూసింది. కాసేపటికి అర మీద ఆకుపచ్చ వలయం వెలిగింది. ఖాళీ గదిలో మాట్లాడాలంటే సిగ్గుగా ఉంది. గొంతు సవరించుకుంది. ఎదురుగా ప్లాస్టర్ దవడ ఒకటి ఉంటే దాన్ని చూస్తూ మొదలుపెట్టింది.

పిచ్చుక డాక్టరమ్మని తనూ కలిసిందని చెప్పింది. చక్రం దగ్గర కూర్చున్న వాళ్ళందరూ ఫోటో తీయించుకోవాల్సిందేనని, మోటారు లేకుండా పని చేయిస్తున్నారని తెలిస్తే కార్మికశాఖ ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడని ఆవిడ చెప్పినట్టు చెప్పింది. వచ్చే సోమవారం తను వెళ్ళి అన్నీ రాసిస్తున్నానని చెప్పింది. అందులో సగం అబద్ధం. డాక్టరమ్మని ఆమె చూడనే లేదు. చెప్పడం అయ్యాక, అన్నం డబ్బా విప్పుకుని తినడం మొదలుపెట్టింది.

మామ తిరిగొచ్చి చెప్పులు విప్పకముందే పైనుంచి పిలుపు వచ్చింది.

సారు కుర్చీ చూపించాడు. పిప్పరమెంటు గిన్నె ముందుకి జరిపాడు. ఎన్నేళ్ళ అనుబంధం మనది అన్నాడు. ఏదైనా ఉంటే ఇంట్లో మాట ఇంట్లోనే చెప్పుకోవాలి గానీ ఆఫీసులకీ ఆసుపత్రులకీ ఎక్కడం దేనికమ్మా అన్నాడు. పెద్దక్క కూర్చోలేదు.

“నేను ఆఫీసుకి వెళ్తున్నానని మీకెవరు చెప్పారు సార్?”

ఆయన పిప్పరమెంటు బుగ్గ మార్చాడు. “మామ చెప్పాడులే. నీ మంచి కోరే చెప్పాడు. ఆయన మీద కోపం పెట్టుకోకు.”

అచ్చం అవే మాటలు. అంత త్వరగా, అంత నున్నగా వచ్చాయి. ఆమె ఆయన నోటి వైపే చూసింది.

“మామ అప్పుడు ఇంట్లో అన్నం తింటున్నాడు సార్” అంది. “గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంకెవరికీ చెప్పలేదు.”

సారు చేయి ఫోను మీదికి వెళ్ళి, దాన్ని బోర్లా తిప్పి పెట్టింది. ఆ తర్వాత, పెట్టినందుకు బాధపడినట్టు, మళ్ళీ వెనక్కి వచ్చింది. పెద్దక్క తనకి కావలసింది చెప్పింది. పిచ్చుక ఈ చక్రం దగ్గరే పనిచేసిందని ఉన్నది ఉన్నట్టు రాసివ్వాలి. మోటారు రావాలి. ఆ డబ్బా కింద ఉండకూడదు.

“ఇంత చిన్నదానికి ఇంత మనస్తాపం ఎందుకు తల్లీ” అన్నాడాయన. గొంతులో తేనె ఇంకా ఉంది. కాకపోతే చేతులు కాగితం వెతుకుతున్నాయి.

ఆ వారంలోనే మోటారు వచ్చింది. పిచ్చుకకి కాగితం అందింది. ఫోటోలో మచ్చలు కనిపించాయనీ, కొన్నాళ్ళు దుమ్ము జోలికి పోకుండా మందులు వాడితే చూద్దామన్నారనీ ఫోనులో చెప్పింది. డబ్బాని సారే స్వయంగా వచ్చి, వైరు చుట్టి తీసుకుపోయాడు. పెద్దక్క వైపు చూడలేదు. పాటలు లేకపోతే గది చప్పబడిపోయిందని మామ ఒకసారి గొణిగి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఆమెతో ఆయన ఇంకా పూర్తిగా తలెత్తి మాట్లాడడం లేదు. అయినా మర్నాటి నుంచి ప్లాస్టర్ బస్తాలు ఆమెని ఎత్తనివ్వలేదు. చక్రం పనికి కొత్తమ్మాయిని చూస్తున్నారు.

మరో వారానికి, సాయంత్రం పూట, సారు కూతురు వచ్చింది. కాలేజీలో చదువుతున్న పిల్ల. కారులో తండ్రితో కలిసి ఇంటికి వెళ్ళాల్సిన రోజుల్లో, పైకి పోకుండా ఇక్కడ కూర్చుని పళ్ళు అమర్చడం చూస్తూ ఉంటుంది. ముక్కాలిపీట లాక్కుని పెద్దక్క పక్కన కూర్చుంది. ఏ పన్ను ముందు పెడతారు, ముసలివాళ్ళకి తెల్లటి పళ్ళు పెడితే బాగుంటుందా అని అడిగింది. పెద్దక్క జవాబులు చెప్తూ మైనం గీస్తోంది.

“నాన్న నాకో స్పీకరు ఇచ్చారు ఆంటీ, నా గదిలో పెట్టారు” అంది ఆ పిల్ల. “ముందు కొన్నాళ్ళు ఇక్కడే ఉందట కదా. దాని ధర చూసి మతిపోయింది. నిజంగా అంత పెట్టొచ్చా దానికి?”

పెద్దక్క కత్తి ఆగింది. మామ అటు తిరిగి ఉన్నాడు గానీ, ఆయన వీపు వింటున్నట్టే ఉంది. ఇప్పుడు ఊరుకుంటే అన్నీ సర్దుకున్నట్టే. మోటారు తిరుగుతోంది. పిచ్చుకకి మందులు అందుతున్నాయి. తన పని తనకుంది. బాగుంటుందమ్మా అని ఒక్క మాట అనేస్తే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పిల్ల గోళ్ళ రంగు పెచ్చులు గిల్లుకుంటూ, జవాబు కోసం చూస్తోంది.

“పాటలు బాగా వినిపిస్తాయి” అంది పెద్దక్క. “నువ్వు మాట్లాడింది మీ నాన్నకి ఇంకా బాగా వినిపిస్తుంది. ఆయన ఫోనులో.”

పిల్ల నవ్వింది. పెద్దక్క నవ్వకపోవడం చూసి ఆపేసింది. మా నాన్న అలా చేయరు ఆంటీ అంది. పెద్దక్క వాదించలేదు. ఇక్కడేం జరిగిందో, పిచ్చుక సంగతితో సహా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పిలవకుండా దాని మీద ఆకుపచ్చ లైటు వెలిగితే వింటున్నట్టని చెప్పింది.

పిల్ల చెవులు ముందు ఎర్రబడి, తర్వాత మొహమంతా పాలిపోయింది.

“నిన్న మా ఫ్రెండుతో మాట్లాడినంతసేపూ వెలిగే ఉంది” అంది. “ఆన్‌లో ఉంటే అంతే కాబోలు అనుకున్నాను.”

లేచింది. పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుంది. పైకి వెళ్ళే మెట్ల దాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

సారు కారు తాళాలు ఆడించుకుంటూ దిగి వచ్చేసరికి పెద్దక్క కింది వరస మొదలుపెట్టింది. అమ్మాయి రాలేదా అని అడిగాడు. వచ్చి వెళ్ళిపోయిందని చెప్పింది.

“వెళ్ళిపోయిందా? ఏమైనా చెప్పిందా?”

“ఆ స్పీకరుకి అంత ధర పెట్టొచ్చా అని అడిగింది సార్. నాకు తెలిసింది చెప్పాను.”

సారు బుగ్గలో పిప్పరమెంటు కదలడం ఆగిపోయింది. ఖాళీగా ఉన్న అర వైపు చూశాడు. తర్వాత మామ వైపు చూశాడు. మామ ఈసారి మొహం తిప్పుకోలేదు, చేతిలో గిన్నె అలాగే పట్టుకుని ఆయన్నే చూస్తున్నాడు. రేపు తనకి ఈ బల్ల ఉంటుందో లేదో పెద్దక్కకి తెలియదు. దీపం మీద కత్తి కాగింది. ఆమె ఇంకో పన్ను తీసుకుని, మైనం మెత్తగా ఉండగానే దాన్ని దాని చోట కూర్చోబెట్టింది.